చచ్చిన చెట్ల కాయలు

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. మా పెరట్లో కనిపించిన తొండ వీధి మలుపు దాటేసరికి ఉడుమవుతుంది, బస్టాండు చేరేసరికి మొసలవుతుంది. నా భార్య నేను చెప్పిన ప్రతి అంకెనూ నాలుగుతో భాగించి వింటుంది, చుట్టాలు వచ్చిన రోజైతే ఆరుతో. మీరూ అలాగే చదువుకోండి, నాకేం బాధ లేదు. ఏది పెంచానో ఏది కల్పించానో చివర్లో నేనే చెప్తాను.

చిత్రమేమిటంటే, ఇరవై ఏళ్లకు పైగా నేను చేస్తున్న ఉద్యోగంలో పెంచి చెప్పడం నేరం. నేను మాలిక్యులర్ బయాలజిస్టుని. చెట్టును పైనుంచి చూసి ఊరుకోకుండా దాని కణాల్లో ఉన్న డీఎన్ఏ దాకా వెళ్లి చదవడం మా పని. దశాంశ బిందువు తర్వాత మూడో అంకె తప్పినా ఎవరో ఒకరు పట్టుకుంటారు. పగలంతా ఆ నియమంలో బిగుసుకుపోయి, సాయంత్రం గేటు దాటగానే నోటికి సెలవు ఇస్తాను. ఇప్పుడు గేటు బయటే ఉన్నాను.

రెండు వేల ఇరవై రెండు, ఎండలు ముదురుతున్న రోజులు. నల్గొండలో గడియారం సెంటర్ ముల్లు కూడా పన్నెండు దగ్గర ఆగి చెమట తుడుచుకునే కాలం. ఊరి బయట మా పరిశోధన కేంద్రం, పేరు చెప్పను. మూడు గదులు, ఒకే ఒక్క ఏసీ. ఆ ఏసీ మనుషులకు కాదు, పీసీఆర్ మిషన్‌కు. ఒక్క వడ్లగింజ చేతిలో పెడితే రెండు గంటల్లో మిర్యాలగూడ మిల్లులన్నీ నింపేంత ధాన్యం చేసే యంత్రాన్ని ఊహించుకోండి. డీఎన్ఏ ముక్కతో పీసీఆర్ చేసేది అదే. ఆకులో రోగం తాలూకు బాక్టీరియా డీఎన్ఏ ఆవగింజలో అరవయ్యో వంతు ఉన్నా, దాన్ని కోట్ల నకళ్లు తీసి మన కళ్ల ముందు పెడుతుంది. కరోనా తర్వాత ఈ వివరణ అక్కర్లేకుండా పోయింది. మా దగ్గరికి ఆకులు తెచ్చే రైతులందరూ, "సార్, చెట్టుకు కరోనా టెస్టు చేయాలె" అనేవారు.

మా టెస్టు బత్తాయికి. గ్రీనింగ్ అని ఒక తెగులు ఉంది. వస్తే ఆకులు మచ్చలుగా పసుపెక్కి, కాయ వంకరపోయి చేదెక్కుతుంది. మందు లేదు, చెట్టు పీకేయడమే. తెలంగాణ వచ్చిన మూడో ఏడు నేను నల్గొండ చుట్టుపక్కల తోటలన్నీ తిరిగి ఆకులు తెచ్చి పరీక్షించి, ఒక పేపర్ అచ్చేశాను. అందులో నేను కనిపెట్టిన సంగతి ఇది: పైకి నిగనిగలాడుతూ ఆరోగ్యంగా కనిపించే చెట్లలో కూడా తెగులు దాక్కుని ఉంటుంది.

ఆ పేపర్‌కు వచ్చిన పేరు చెప్తే మీరు నాలుగు కాదు, నలభైతో భాగిస్తారు. మా లోకంలో పేరంటే సైటేషన్. మన పేపర్‌ను ఇంకొకరు తమ పేపర్‌లో ఆధారంగా చూపిస్తే ఒక సైటేషన్. పద్నాలుగు పేపర్లకు తలా పద్నాలుగు సైటేషన్లు ఉంటే మన హెచ్-ఇండెక్స్ పద్నాలుగు. బట్టతల ఎంత పెరిగిందని ఎవరూ అడగరు గానీ, హెచ్-ఇండెక్స్ ఎంత పెరిగిందని పెళ్లిళ్లలో కూడా అడుగుతారు. నా బత్తాయి పేపర్‌ను బ్రెజిల్ వాళ్లు సైట్ చేశారు, చైనా వాళ్లు సైట్ చేశారు, బత్తాయి ఎప్పుడూ కళ్ల చూడని చలిదేశం వాళ్లు కూడా సైట్ చేశారు. నేను క్రికెట్ స్కోరులాగా పొద్దునా సాయంత్రమూ ఫోన్‌లో చూసుకునేవాణ్ని. నూట పన్నెండు దగ్గరున్నప్పుడు ప్రొఫెసర్ పోస్టుకు ఇంటర్వ్యూ పడింది. ఆ నూట పన్నెండే నా బలగం.

మా కేంద్రంలో ఇంకో ఆచారం గురించి చెప్పాలి. ఏ ఆఫీసుకైనా ఒట్టి చేతులతో పోకూడదని మా జిల్లా రైతు అనుకుంటాడు. బత్తాయి రైతు బత్తాయిలే తెస్తాడు. ఒకే సంచిలో కింద మాకు కానుకగా కాయలు, పైన పరీక్షకు ఆకులు. వద్దంటే, "మా చెట్టు కాయ మీకు ఆనదా సార్?" అని మొహం చిన్నబుచ్చుకుంటారు. మా అటెండర్ యాదగిరి ఆ కాయలను చక్రాల్లాగా, కాగితమంత పల్చగా కోసి, ఉప్పూ కారం చల్లి, వచ్చిన రైతుకూ మాకూ పెట్టేవాడు. ఆ చక్రం ఎండకు పట్టుకుంటే అవతలున్న మనిషి కనిపించేవాడు. ఇది మాత్రం పెంచలేదు.

ఇక అసలు సంగతి. నా పేపర్ పేరు వినీ వినీ పై ఆఫీసువాళ్లు ఒక నిర్ణయం తీసుకున్నారు. పైకి బాగున్నా లోపల తెగులున్న చెట్లను తోటల్లో వెతికి పీకించాలని. నా పాత రిపోర్టుల నుంచే లిస్టు తయారైంది. మొదటి పేరు కేతేపల్లి ఎస్తేరమ్మ. జేసీబీ సోమవారం పోవాలి.

గురువారం పొద్దున పదకొండు గంటలకు ఎస్తేరమ్మ నా గదిలో ఉంది. యాభై అయిదేళ్లుంటాయి. సన్నగా, నిటారుగా, మోచేతి దాకా ముళ్లు గీసిన గీతలతో ఉంది. చంకలో సంచి. నేను మీటింగులో ఉంటే, బల్ల మీదున్న తెలుగు పేపర్‌ను మొదటి పేజీ నుంచి టెండరు ప్రకటనల దాకా పెదవులు కదుపుతూ చదివేసి కూర్చుంది. నేను రాగానే లేచి, సంచిని బల్ల మీద బోర్లించింది. బత్తాయిలు దొర్లుకుంటూ వచ్చి నా ఇంటర్వ్యూ ఫైలుకు తగిలి ఆగాయి. ఒక్కొక్కటి తాటికాయంత. సరే, నాలుగుతో భాగించండి.

"ఏందమ్మా ఇవి?"

"చచ్చిన చెట్ల కాయలు సార్."

నాకు అర్థం కాలేదు.

"ఐదేండ్ల కింద మీరే రాసిచ్చిన్రు. ఏడు చెట్లకు రోగమున్నది, రెండు మూడేండ్లల్ల సస్తయని. గవే చెట్లు. గీ కాయ ఈసారిది. తిని చెప్పు, చేదున్నదా?"

"అమ్మా, తెగులు లోపల దాక్కుంటది. పైకి కనవడదు. నేను దాని మీదనే పేపర్ రాసిన."

"ఐదేండ్లు దాసుకుంటదా సార్? మా ఊర్ల మనిషి అప్పులోల్లకు దొర్కకుంట ఐదు దినాలు దాసుకోలేడు."

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఆమె నవ్వడం లేదు. వాళ్లది తరాలుగా భూమి లేని కుటుంబం. ఇతరుల తోటల్లో కూలికి పోయి, అక్కడే అంటు కట్టడం నేర్చుకుని, నర్సరీ నుంచి నర్సరీకి తిరిగి పద్దెనిమిదేళ్లు అంట్లు కట్టింది. జంబేరి అనే నిమ్మజాతి మొక్క కాండాన్ని కత్తితో చీల్చి అందులో బత్తాయి కన్ను, అంటే చిగురు మొగ్గ, కూర్చి కట్టే పని అది. ఆ సంపాదనతో మూడెకరాలు కొన్నది. ముప్పై అని రాయబోయి చెయ్యి ఆపుకున్నాను. ఆ మూడెకరాల్లోని ప్రతి చెట్టునూ తన చేత్తోనే అంటు కట్టి పెట్టుకుంది.

"ఏడు చెట్లని మీరు రాసిన్రు. వాండ్లేమో తోటంత పీకుతమంటున్రు. అంటురోగమట. సోమవారం బండొస్తదట. సార్, ఒక్కొక్క కన్ను నా చేతులతోని కట్టిన. కూలికి వోయిన తోటలల్ల కాదు, నా జాగాల. జర మల్ల చూడున్రి."

మళ్లీ చూడటమంటే ఏమిటో ఆమెకు తెలియదు గానీ నాకు తెలుసు. మళ్లీ చూసి, రిపోర్టు తప్పని తేలితే, రిపోర్టు మీద నిలబడ్డ పేపర్ పోతుంది. పేపర్ మీద నిలబడ్డ నూట పన్నెండూ పోతాయి. ఇంటర్వ్యూ ఇంకా పన్నెండు రోజులుంది. అయినా నాకు భయం వేయలేదు. నా పరీక్ష మీద నాకంత ధీమా. ప్రతిసారీ నెగెటివ్ కంట్రోల్ పెట్టేవాణ్ని. అంటే ఆకు రసం బదులు ఒట్టి నీళ్లు పోసిన గొట్టం. మా రసాయనాల్లో ఎక్కడైనా మురికి చేరి ఉంటే ఆ నీళ్లలో కూడా రోగం కనిపించాలి. ఐదేళ్లలో ఒక్కసారీ కనిపించలేదు. నా నీళ్లు గంగకన్నా శుద్ధం.

"సరే, ఆకులు తెచ్చినవా?" అన్నాను ఉదారంగా. తెచ్చింది, ఏడు చెట్లవి ఏడు కవర్లలో, చెట్టు పేరు రాసి. అవును, చెట్లకు పేర్లున్నాయి. మొదటిది పెద్దమ్మి.

ఈలోగా యాదగిరి ఆచారం ప్రకారం ప్లేటు తెచ్చాడు. అంతకుముందు రోజు ఇంకో రైతు తెచ్చిన కాయలు, పల్చటి చక్రాలు, ఉప్పూ కారం. ఎస్తేరమ్మ ప్లేటు వంక చూడలేదు. కిటికీ దగ్గర కాయ కోస్తున్న యాదగిరి చేతి వంక చూసింది. కళ్లు చిన్నవి చేసుకుంది.

"తమ్మీ, గా కత్తి ఇటియ్యి."

యాదగిరి ఇచ్చాడు. అది స్కాల్పెల్. డాక్టర్లు వాడే సన్నటి బ్లేడు కత్తి.

"గిది దేనికి?"

"ఆకు నడిమి ఈనె కోసేది అక్కా. సార్ వాళ్లు టెస్టు చేస్తరు గద, దానికే."

"మరి కాయెందుకు కోస్తున్నవ్?"

"గింత పదును ఇంకో దానికి లేదక్కా. చాకు గావాలని ఇండెంట్ వెట్టి ఐదేండ్లాయె. మిషిన్‌కు లక్షలు సాంక్షన్ ఐతయి, చాకుకు కావు. ఫికర్ చెయ్యకు, కోసినంక నల్లా కింద కడిగే పెడ్త."

ఎస్తేరమ్మ ఆ కత్తిని నా ముందు పెట్టింది. గొంతు పెంచలేదు.

"సార్, నేను అంట్లు కట్టే పని నేర్సుకునేటప్పుడు మా మేస్త్రి అంటు కత్తితోని ఉల్లిగడ్డ కోసిన. మూడు దినాలు పనిల వెట్టుకోలే. అంటు కత్తి దేనికీ ముట్టియ్యద్దు. చెట్టుకు చెట్టుకు నడుమ స్పిరిట్‌తోని తుడ్వాలె. లేకపోతే ఒక్క చెట్టు రోగం కత్తి మీద కూసొని తోటంత తిర్గుతది. మీరింత సదువుకున్నరు. మీకు మేస్త్రి లేకపాయెనా?"

"అమ్మా, ఇది సైన్సు..." అన్నాను. అని ఆ కత్తిని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను.

నా తలలో లెక్కలు పరుగెత్తుతున్నాయి. మా దగ్గరికి కాయలు తెచ్చేదెవరు? తోటకు తెగులొచ్చిన రైతులు. అంటే మేము తినే కాయలు రోగపు చెట్లవే. ఆ కాయ కోసిన బ్లేడు నల్లా నీళ్లకు మెరుస్తుంది గానీ డీఎన్ఏ పోదు. ఒక్క గింజతో మిల్లులు నింపే మిషన్‌కు ఆ మరక చాలు. మరి నా గంగాజలం నెగెటివ్ కంట్రోల్ ఎందుకు పట్టుకోలేదు? నీళ్లను ఎవరూ కత్తితో కోయరు కనుక. ఐదేళ్లుగా నేను అన్నిటినీ అనుమానించాను, రసాయనాలను, గొట్టాలను, గాలిని, చివరికి నా చేతి తొడుగులను. యాదగిరి మర్యాదను అనుమానించలేదు.

అప్పటికప్పుడు పరీక్ష పెట్టాను. ఎస్తేరమ్మ ఏడు చెట్ల ఆకులను, ఒక్కో ఆకుకు ఒక్కో కొత్త బ్లేడుతో కోశాను. అవే ఆకుల్లో మిగిలిన సగాలను యాదగిరి కాయ కోసి కడిగిన కత్తితో కోశాను. గురువారం సాయంత్రం దాకా ఆమె వరండాలో కూర్చుంది, కేతేపల్లి బస్సు పోతుందన్నా కదలలేదు. యాదగిరి ఆమెకు టీ తెచ్చాడు. కాయ కోసే ధైర్యం చేయలేదు.

చివరికి యాదగిరే బండి మీద ఆమెను బస్టాండులో దింపి వచ్చాడు. శుక్రవారం పొద్దున పది గంటలకు మళ్లీ హాజరు. జెల్ ఫొటో వచ్చింది. రోగం ఉంటే ఆ ఫొటోలో తెల్లటి గీత పడుతుంది. కొత్త బ్లేడు వైపు ఏడు వరసలూ ఖాళీ, అమావాస్య ఆకాశంలాగా. యాదగిరి కత్తి వైపు ఏడింటిలో ఐదు గీతలు, పెళ్లి పందిరి ట్యూబ్‌లైట్లలాగా.

"ఏమైంది సార్?" అంది ఎస్తేరమ్మ, ఫొటోను తిప్పి తిప్పి చూస్తూ.

"నీ చెట్లు మంచిగున్నయమ్మా. రోగం మాకున్నది."

ఆమె గట్టిగా ఊపిరి విడిచి కుర్చీలో వెనక్కి వాలింది. తర్వాత మొదటిసారి బల్ల మీది ఖాళీ ప్లేటు వంక చూసి, "ఇప్పుడు కొయ్యి తమ్మీ, కాయ. గీ కత్తితోని కాదు," అంది. యాదగిరి గోళ్లతో వలిచి పెట్టాడు.

అదే మధ్యాహ్నం స్కూటర్ మీద కేతేపల్లి పోయాను. చెట్లు పీకించే పని చూస్తున్న అక్కడి ఆఫీసులో ఉన్న కుర్రాడు చాలా మర్యాదగా అన్నాడు, "సార్, రోగమున్నదని రాసింది మీరే గద?"

"నేనే. తప్పు రాసిన."

"తప్పని కూడ మీరే రాసిస్తరా?"

"ఎన్ని కాపీలు గావాలె?"

మూడు కాపీలు రాసిచ్చాను. జేసీబీ డ్రైవర్ అప్పటికే వచ్చి చెట్టు కింద పడుకుని ఉన్నాడు. ఆ బండి ఎంత పెద్దదంటే దాని నీడలో ఊరు సగం నిద్రపోవచ్చు. సోమవారం అది వేరే పనికి, ఎవరిదో బావి పూడిక తీయడానికి పోయింది. లిస్టు మొత్తం ఆగిపోయింది. పాత శాంపిళ్లన్నీ మళ్లీ తెప్పించి కొత్త బ్లేడుతో కోశాం. నిజంగా తెగులున్నవి తేలాయి, లేనివీ తేలాయి. దాక్కున్న తెగులు మాత్రం దొరకలేదు.

తర్వాత నా పేపర్ అచ్చేసిన సైన్సు పత్రికకు రాశాను. అచ్చయిన పేపర్‌ను రాసినవాడే వెనక్కి తీసుకోవడాన్ని రిట్రాక్షన్ అంటారు. మా వృత్తిలో అది నడిబజారులో చొక్కా విప్పడంలాంటిది. దానితోపాటు కత్తి పరీక్ష వివరాలన్నీ పెట్టి రెండు పేజీల నోటు కూడా రాశాను. చివర్లో, ఈ లోపాన్ని గుర్తించిన కేతేపల్లి రైతు ఎస్తేరమ్మకు కృతజ్ఞతలు అని ఒక వాక్యం చేర్చాను.

ఇంటర్వ్యూలో పెద్దాయన ఒకరు కళ్లద్దాలు సవరించుకుని అడిగారు, "మీ పేపర్లలో ఎక్కువ సైటేషన్లున్నది ఏది?"

"పోయిన వారం వెనక్కి తీసుకున్నదండీ," అన్నాను.

గదిలో ఫ్యాను చప్పుడు నాకు రైలంత వినిపించింది. ఆ ఏడు పోస్టు రాలేదు. రెండేళ్ల తర్వాత వచ్చింది, ఆ నోటు వల్లే. ఆకులో కాయలో పరీక్షించే ప్రయోగశాలలన్నిటిలో ఎవరో ఒక యాదగిరి ఉంటాడట. దేశదేశాల్లో ఎవరో ఒకరు ఆ నోటు చదివి తమ గదిలో కత్తుల లెక్క చూసుకున్నారు. పాత పేపర్ నూట పన్నెండుకు వెళ్లడానికి పట్టిన కాలంలో సగానికే ఆ రెండు పేజీలు దాన్ని దాటిపోయాయి. నా హెచ్-ఇండెక్స్ ఇప్పుడు అడగండి, పెళ్లిలోనైనా చెప్తాను.

ఆ కేసు నాకు నేర్పింది మా గోడ మీద యాదగిరి చేతిరాతలో ఉంది: "ఆకుకొక బ్లేడు. కాయలకు చాకు." చాకు నా జీతంతో కొన్నాను. నేను దాని కింద ఇంకోటి కలుపుకున్నాను, రాయలేదు. తప్పు పట్టుకునే కన్ను మన గదిలోనే ఉండాలనేమీ లేదు, అది సంచి పట్టుకుని వరండాలో కూర్చుని ఉండవచ్చు.

ఇక మాట ప్రకారం లెక్క చెప్పాలి. పెంచినవి మీకే తెలుసు: తాటికాయలు, జేసీబీ నీడ, ఫ్యాను చప్పుడు. పెంచడం వేరు, కల్పించడం వేరు. కల్పించింది ఒక్కటే. ఆ నోటు చివర ఎస్తేరమ్మకు కృతజ్ఞతలు రాశానని చెప్పాను. రాయలేదు.

అక్కడ ఉన్న వాక్యం ఇది: "రొటీన్ నాణ్యతా సమీక్షలో ఈ లోపం బయటపడింది." పరిశోధన చేసే కత్తితో కాయలు కోసుకు తిన్నామని, దాన్ని అంట్లు కట్టే మనిషి చూసి చెప్పిందని ప్రపంచం ముందు రాయడానికి చెయ్యి రాలేదు. సమీక్ష ఏదీ జరగలేదు. నోటు అచ్చయ్యాక ప్రింటు తీసి ఎస్తేరమ్మకు తోటలో ఇచ్చాను. ఇంగ్లిషు అక్షరాల వంక ముచ్చటగా చూసి, "నా పేరు యాడేసినవ్ సార్?" అని అడిగింది. నేను ఒక చోట వేలు పెట్టి చూపించాను. నా వేలి కింద ఉన్నది మా కేంద్రం చిరునామా. ఆమె ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి భూమి పాస్‌బుక్కు కవర్లో దాచుకుంది. ఇప్పటికీ అందులోనే ఉంది. ప్రతి కాపుకూ నాకు సంచెడు కాయలు వస్తూనే ఉన్నాయి, పెద్దమ్మివి ఎప్పుడూ పైన ఉంటాయి.

ఎన్ని దేశాలవాళ్లు సైట్ చేసినా, వాళ్లు సైట్ చేస్తున్నది జరగని సమీక్షను. కాబట్టి సరిచేస్తున్నాను. కత్తి తప్పు కనిపెట్టింది కేతేపల్లి ఎస్తేరమ్మ. ఈ వాక్యాన్ని దేనితోనూ భాగించకండి. ఆమెకు ఇది మొదటి సైటేషన్.

ఇది అచ్చయ్యాక ఒక కాపీ పట్టుకుని, ఆదివారం ఆమె చర్చి నుంచి వచ్చే వేళకు తోటకు పోతాను. ఈసారి నేను వేలు పెట్టి చూపించాల్సిన పని లేదు. ఆమె తెలుగు చదువుతుంది.